పొట్ట వరకే

నెల్లూరు ఆసుపత్రిలో నాకిచ్చిన ఎస్టిమేటు ఒకే కాగితం. పొట్ట మీద వేలాడే చర్మం తీసి కుట్టడానికి రెండు లక్షల ముప్పై వేలు. రెండు చేతులకూ కలిపి లక్షా నలభై వేలు. అన్నీ ఒకేసారి చేయించుకుంటే థియేటరు అద్దె, మత్తు డాక్టరు ఫీజు ఒకసారే పడతాయి కాబట్టి ఇరవై వేలు తగ్గింపు. మొత్తం మూడు లక్షల యాభై వేలు. మందులు, రక్తపరీక్షలు, నడుము బెల్టు వేరు. కౌంటరు దగ్గరే నిలబడి కూడి చూశాను, సరిపోయింది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసినదాన్ని. వేరేవాళ్ళు కూడిన కాగితాన్ని మళ్ళీ ఒకసారి కూడకుండా మడిచి సంచిలో పెట్టుకోలేను.

డబ్బు ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన ప్రావిడెంట్ ఫండు బ్యాంకులో వేసి, వడ్డీతో బతుకుతున్నాను. మూడున్నర లక్షలు తీస్తే నెలకు వచ్చే వడ్డీలో రెండు వేల చిల్లర తగ్గుతుంది. ఆ మాత్రం తగ్గించుకుని బతకగలను. అది ముందే చూసుకుని వెళ్ళాను.

"అటెండెంట్ ఎవరు మేడమ్?" అని అడిగింది కౌంటరులో అమ్మాయి.

"నేనే వచ్చాను."

"మీరు పేషెంటు కదా. మీతో ఉండేవాళ్ళ పేరు చెప్పండి. సంతకం పెట్టాలి, రాత్రిళ్ళు ఉండాలి."

"డబ్బు మొత్తం ముందే కట్టేస్తాను."

"డబ్బు గురించి కాదు మేడమ్."

"రోజుకు ఇంత అని ఇచ్చి ఆయాను పెట్టుకుంటే?"

"ఉండటానికైతే పెట్టుకోవచ్చు. సంతకానికి మాత్రం మీవాళ్ళే రావాలి. చేతులు కూడా చేయించుకుంటున్నారు కదా, డాక్టరుగారు చెప్పలేదా?"

చెప్పాడు. చేతులు కుట్టాక మూడు వారాలు భుజాలు పైకి లేపకూడదట. తల దువ్వుకోకూడదు, జాకెట్టు తొడుక్కోకూడదు, చెంబుతో నీళ్ళు పోసుకోకూడదు. అన్నం కూడా వేరేవాళ్ళు కలిపి పెట్టాల్సిందే. మూడు వారాలు ఒక మనిషి నా పక్కన ఉండాలి. ఆ మనిషి ధర కాగితంలో ఎక్కడా లేదు.

ఆ అమ్మాయి అటెండెంట్ గడి ఖాళీగా వదిలేసి కాగితం నా చేతికిచ్చింది. మళ్ళీ వస్తానని చెప్పి బస్టాండుకు నడిచాను.

మా ఊరు సముద్రానికి మూడు కిలోమీటర్లు. ఊరి చుట్టూ రొయ్యల చెరువులు. మా ఐస్ ఫ్యాక్టరీ ఆ చెరువుల మీదే బతికింది. నా భర్త ఆ ఫ్యాక్టరీ లారీ నడిపేవాడు. చనిపోయి తొమ్మిదేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. ఆయన పోయాక మోకాళ్ళు పట్టేశాయి. మోకాలు మార్చాలంటే బరువు ఎనభై కిలోల కిందికి రావాలన్నాడు డాక్టరు. అప్పుడు నా బరువు నూట ఎనిమిది. ఇంట్లో కాటా అంత బరువు చూపించేది కాదు. ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు తూచే కాటా మీద, పనివాళ్ళు రాకముందు పోయి నిలబడి చూసుకున్నాను.

రాత్రి అన్నం మానేశాను. పగలు తినేది తూచి తిన్నాను. పొద్దున, సాయంత్రం చెరువు గట్ల మీద నడిచాను. రెండేళ్ళ ఏడు నెలలకు అరవై అయిదు కిలోలకు వచ్చాను. చిత్రం, మోకాళ్ళ ఆపరేషన్ అవసరమే లేకుండా పోయింది. షుగరు కూడా సగానికి పైగా దిగింది. ఇది నేను ఒక్కదాన్నే చేసిన పని. చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయినా లోపల గర్వంగా ఉండేది.

ఊరు మాత్రం వేరేగా అనుకుంది. ఎనభై కిలోలకు దిగిన దగ్గరనుంచి మనుషులు నన్ను చూసిపోవడానికి రావడం మొదలుపెట్టారు. మా వైపు ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందని తెలిస్తే పళ్ళు పట్టుకుని వెళ్ళి కాసేపు కూర్చుని వస్తారు. అలా వచ్చారు. బత్తాయిలు, అరటిపళ్ళు, బ్రెడ్డు. ఇరవై ఏళ్ళుగా పలకరింపు లేనివాళ్ళు కూడా వచ్చి మంచం అంచున కూర్చుని నా మణికట్టు పట్టుకుని చూశారు.

"నిజం చెప్పక్కా. మద్రాసులో చూపించినావా?" అని గొంతు తగ్గించి అడిగింది పక్కింటామె.

"నాకేం లేదు. రాత్రి అన్నం మానేసినాను, అంతే."

"మొదట్లో అందరూ అట్టనే చెప్తారులే. మా పెదనాయన కూడా అట్టనే చెప్పినాడు."

"మీ పెదనాయనకు ఏమొచ్చింది?"

"ఇప్పుడెందుకులే అక్కా ఆ మాటలు. బత్తాయి ఒలిచి పెట్టేదా?"

ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. కొన్నాళ్ళకు చెప్పడం మానేసి, వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చి పళ్ళు తీసుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఆ నెలల్లో ఇల్లు సందడిగా ఉండేది. సాయంత్రం నాలుగైతే ఎవరో ఒకరు తలుపు కొట్టేవాళ్ళు. ఏడాది గడిచింది. నేను చావలేదు సరికదా, చెరువు గట్ల మీద ఇంకా వేగంగా నడుస్తున్నాను. రాకపోకలు ఆగిపోయాయి. పక్కింటామె ఒకరోజు గోడ మీదనుంచి, "అంత బాగుండేదానివి మా బత్తాయిలు ఎందుకు తీసుకుండావక్కా?" అని నవ్వింది. సరదాకే అని ఉండొచ్చు. నేను మర్నాడు బజారుకు పోయి డజను బత్తాయిలు కొని ఆమె అరుగు మీద పెట్టి వచ్చాను. ఆ తర్వాత ఆమె మా గడప తొక్కలేదు.

బరువు పోయింది గానీ చర్మం పోలేదు. పొట్ట మీది చర్మం మడతలు పడి తొడల మీదికి జారింది. జబ్బల కింద చర్మం తడి గుడ్డ ఆరేసినట్టు వేలాడేది. సముద్రం గాలికి మా ఊళ్ళో ఏడాదికి తొమ్మిది నెలలు ఒళ్ళు చెమటతో జిగటగానే ఉంటుంది. మడత కింద ఆ తడి ఆరదు. నూలు గుడ్డ మడిచి లోపల పెట్టుకుని రోజుకు మూడుసార్లు మార్చేదాన్ని. అయినా చర్మం ఒరుసుకుని పుండ్లు పడేవి, వాసన వచ్చేది. ఆ వాసన నాకు తెలిసినాక పెళ్ళిళ్ళకు పోవడం మానేశాను. బస్సులో పైకడ్డీ పట్టుకోవడం మానేశాను. ఒకసారి పట్టుకుంటే, తల్లి ఒళ్ళో ఉన్న చిన్నపిల్ల చెయ్యి చాపి నా జబ్బ కింద వేలాడే చర్మాన్ని ఊపింది. తల్లి పిల్ల చేతి మీద కొట్టింది. ఆ రోజునుంచి మోచేతులు దాటే జాకెట్లు కుట్టించుకున్నాను, ఎండాకాలంలో కూడా.

పోయిన వానాకాలంలో ఆ పుండు చీము పట్టి జ్వరం వచ్చింది. అయిదు రోజులు సెలైను ఎక్కించారు. షుగరు ఉన్నదానివి, ఇది మళ్ళీ వస్తుంది, ఈసారి రక్తంలోకి పాకితే కష్టం, ఆ చర్మం తీయించుకోవాల్సిందే అన్నాడు డాక్టరు. అప్పుడు ఇన్సూరెన్సు కంపెనీకి రాశాను. ఇది అందం కోసం చేయించుకునే చికిత్స, పాలసీలో రాదు అని జవాబిచ్చారు. ఫొటోలు పంపితే మళ్ళీ చూస్తారేమోనని ఎవరో అన్నారు. తలుపులు వేసుకుని, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెట్టి, పది సెకన్ల తర్వాత దానంతట అదే ఫొటో తీసేట్టు నొక్కి, చీర ఎత్తి నిలబడ్డాను. అరవై ఆరేళ్ళ మనిషిని. మొదటి ఫొటోలో తల కూడా పడింది. దాన్ని చెరిపేసి మళ్ళీ తీశాను. కంపెనీ రెండోసారి కూడా అదే జవాబు ఇచ్చింది, అవే మాటల్లో. అందం కోసం.

అందుకే డబ్బు నేనే పెట్టుకోవాలనుకున్నాను. మిగిలింది మనిషి.

నావాళ్ళు అని చెప్పుకోవడానికి బుచ్చిరెడ్డిపాళెంలో మా తమ్ముడి భార్య ఒక్కతే ఉంది. తమ్ముడు పోయి ఆరేళ్ళు. ఏడాదికొకసారి వాడి తద్దినానికి పోయి, భోంచేసి, సాయంత్రం బస్సుకు వచ్చేస్తాను. అంతకు మించి మా ఇద్దరికీ మాటలు లేవు. ఆమె నోరు పెద్దది, నాకు నోరే లేదు. సంక్రాంతి పోయిన తర్వాతి వారం ఎస్టిమేటు పట్టుకుని పోయాను.

నేను పోయేసరికి ఆమె వాకిట్లో ఎరువు బస్తాలు లెక్క చూసుకుంటోంది.

"ఏంది వదినా, తద్దినం ఇంకా నాలుగు నెలలుండాదే! దారి తప్పినావా?"

"నీతో మాట్లాడాలని వచ్చినాను."

"నువ్వా? మాట్లాడాలనా? ఉండు, కుర్చీ వేస్తా. పడిపోతానేమో నేను."

కాగితం తీసి చదివాను. ఆమె కళ్ళద్దాలు ఎక్కడో పెట్టి మరిచిపోయింది. చివరి అంకె విని, నాకివ్వబోయిన నీళ్ళ చెంబు కింద పెట్టింది.

"మూడున్నర లక్షలా! తోలు తీసేదానికా! మా బజారు చివర మేకలు కోసేవాడుండాడు వదినా, తలకాయ వాడికి వదిలేస్తే ఊరికే తీసి పెడతాడు."

తను అన్న మాటకు తనే పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె నా ముఖం చూసి, లేచి, లోపలికి పిలిచి తలుపు మూసింది.

"ఏదీ, చూపించు."

డాక్టర్లకు తప్ప ఎవరికీ చూపించలేదు. చీర ఎత్తాను. ఆమె కిటికీ దగ్గరకు జరగమంది. వంగి, మడతను మునివేళ్ళతో పైకెత్తి కింద చూసింది.

"ఈ మందు ఎవరు రాస్తుండారు?"

"నేనే."

"అంత కిందకి నీకెట్ట కనపడుద్ది?"

"అద్దం నేల మీద పెట్టి, దానికి అటొక కాలు ఇటొక కాలు వేసి."

"అటొక కాలు ఇటొక కాలు వేసి," అని నా మాటే మళ్ళీ అంది. చీర తనే దించి, కుచ్చిళ్ళు సర్దింది. "ఎన్నాళ్ళుండాల నేను?"

"ఆసుపత్రిలో నాలుగు రోజులు. ఇంట్లో మూడు వారాలు."

"కోతలొస్తుండాయి కదా వదినా. వాడు కోత మిషను తోలుకుని ఊళ్ళెంట పోతాడు." వాడు అంటే నా మేనల్లుడు. "గట్టు మీద నేను లేకపోతే ఆ వడ్లు కొనేవాడు తడి అని, తాలు అని బస్తాకు ఎంత తరుగు తీస్తాడో నీకు చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. మా ఫ్యాక్టరీలో కూడా కరిగిన ఐసుకు తరుగు తీసేవాళ్ళం. బస్తాకు రెండు కిలోలు అదనంగా పోయినా ఆమె పొలానికి ఎంత నష్టమో నేను బస్సులోనే వేసుకుని వచ్చాను.

"ఆ నష్టం ఎంతయితే అంత నేను కడతాను. పద్దెనిమిది వేల లోపే వస్తుంది," అన్నాను.

ఆమె తలుపు గడియ తీసింది.

"అంటే నన్ను కూలికి పిలుస్తుండావా?"

"అది కాదు. నీకు నష్టం రాకూడదని."

"మీ తమ్ముడు కూడా ఇట్టనే. అన్నం పెడితే కూడా లెక్క చెప్పేవాడు." వంటింట్లోకి పోయి, గిన్నెలు అటూ ఇటూ జరిపి, మళ్ళీ వచ్చింది. "పది రోజులొస్తా. ఆసుపత్రి, ఇల్లు అన్నీ కలిపి పది. పదకొండో రోజు నా కోత. డబ్బు మాట ఇంకోసారి ఎత్తినావంటే ఆ పది కూడా లేవు."

ఆమె గుమ్మంలోనుంచే డాక్టరుకు ఫోన్ చేశాను. పది రోజులకైతే చేతులు కుదరవన్నాడు. పొట్ట ఒక్కటే చేస్తే పది రోజుల తర్వాత మెల్లగా మీ పని మీరు చేసుకోవచ్చు, వంగకూడదు, బరువులెత్తకూడదు, అంతే అన్నాడు. సరే, పొట్ట వరకే చేయండి అన్నాను. ఖర్చు రెండు లక్షల ముప్పై వేలకు దిగింది. లక్షా ఇరవై వేలు మిగిలింది. మిగిలిందని ఎప్పుడూ అనిపించలేదు.

ఫిబ్రవరి రెండో వారంలో చేశారు. సంతకం పెట్టేటప్పుడు మరదలు, "నీకు నేనేమవుతానని రాయాల?" అని అడిగింది. "తమ్ముడి భార్య అని రాయి," అన్నాను. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. స్ట్రెచరు తోసుకుపోయేటప్పుడు నా గొలుసు, గాజులు కొంగున ముడేసుకుని పక్కన నడిచింది. థియేటరు తలుపు దాకా ఏదో తిడుతూనే ఉంది, లిఫ్టు రాలేదని.

తీసిన చర్మం ఎంతుందో తూచి చెప్పమని డాక్టరును ముందే అడిగాను. నవ్వాడు గానీ తూచాడు. నాలుగు కిలోల రెండు వందల గ్రాములు. మర్నాడు వచ్చి చెబితే మరదలు నోరు తెరిచింది.

"నాలుగు కేజీలా! అంటే ఒక కాన్పయినట్టే కదా వదినా నీకు..."

అనేసి నాలుక కరుచుకుంది. డాక్టరు పోయినాక కిటికీ వైపు తిరిగి, ఎండగా ఉందని, కింద ఆటోలవాళ్ళు అడ్డంగా ఆపారని, సంబంధం లేనివి మాట్లాడింది.

"పెద్ద బిడ్డే," అన్నాను.

ఆమె పక్క మంచం వాళ్ళు లేచేట్టు నవ్వింది. నవ్వితే కుట్లు లాగుతాయని నన్ను నవ్వొద్దని అరుస్తూ నవ్వింది.

ఇంటికొచ్చాక ఆరు రోజులు ఉంది. నా వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుండేదో అక్కడ లేకుండా పోయింది. కూరల్లో ఉప్పు ఎక్కువ. టీవీ పొద్దుననుంచి మోగేది. పంపు దగ్గర నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళతో రెండో రోజుకే స్నేహం చేసుకుంది. వాళ్ళలో ఇద్దరు మెట్లెక్కి లోపలికి కూడా వచ్చారు. పొద్దున నా వెనక కూర్చుని తల దువ్వి జడ వేసేది. గట్టిగా లాగి వేసేది, నొప్పిగా ఉండేది. నేను తల ఆమె చేతులకు వదిలేసి కూర్చునేదాన్ని.

కష్టమంతా బెల్టు దగ్గర. పొట్ట చుట్టూ బిగించే వెడల్పాటి బెల్టు అది. స్నానానికి తప్ప ఆరు వారాలు విప్పకూడదు. ముడత పడితే కుట్టు మీద ఒత్తుకుంటుంది, వదులైతే లోపల నీరు చేరుతుంది. నేను పడుకుంటే ఆమె ఒక చేత్తో ఒక కొస పట్టుకుని, మోకాలు మంచానికి తన్ని, రెండో కొస లాగి అంటించేది. "ఊపిరి పీల్చు. వదులు. గడ్డివాము కట్టేదానికి కూడా ఇంత బలం పెట్టలేదు వదినా నేను," అనేది.

పదో రోజు సాయంత్రం మేనల్లుడు బండి మీద వచ్చాడు. ఆమె సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది.

"బెల్టెట్ట కట్టుకుంటావు?"

"కట్టుకుంటా."

"ఎవరినన్నా పిలువు. ఆ పక్కింటామెను పిలువు."

"సరేలే, పొద్దుపోతుంది, పో."

పక్కింటామెను పిలవలేదు. మర్నాడు స్నానం చేసి వచ్చి, బెల్టును మంచం మీద పరిచి, దాని మీద వెల్లకిలా పడుకున్నాను. ఒక కొస చేతికి అందింది, రెండోది వీపు కింద ముడతపడింది. లేచి మళ్ళీ పరిచాను. వంగకూడదు కాబట్టి లేవడానికి పక్కకు తిరిగి, మోచేతి మీద ఆని, కాళ్ళు దించి లేవాలి. మూడోసారి కుడికొస చివరను మంచం కోడుకు తాడుతో కట్టి, ఎడమవైపు జరిగితే బెల్టు బిగుసుకుంది. తాడు విప్పి అంటించాను. చెమటకు మళ్ళీ స్నానం చేయాల్సినంత తడిసిపోయాను. ఆ తర్వాతి రోజులకు ముందే కోడుకు కట్టి పడుకోవడం అలవాటైంది.

పదిహేనో రోజు చూపించుకోవడానికి షేరు ఆటోలో, తర్వాత బస్సులో నెల్లూరు పోయాను. నర్సు బెల్టు విప్పబోతూ, "ఎంత బాగా కట్టారమ్మా, ఒక్క ముడత లేదు. ఎవరు కట్టింది?" అంది.

"మా మరదలు."

"వచ్చారా ఆమె?"

"బయట కూర్చుని ఉంది."

ఎందుకన్నానో తెలియదు. అబద్ధం అవసరమైన చోటు కూడా కాదు. డాక్టరు కుట్టు చూసి, బాగా మానుతోందన్నాడు. పుండ్లు ఉన్న చోట చర్మం లేత గులాబీ రంగులో పొడిగా ఉంది. పొడిగా ఉన్న నా పొట్టను నేను చూసి నాలుగేళ్ళయింది.

"చేతులు వచ్చే చలికాలం చేద్దామమ్మా. అప్పుడు కూడా ఆమెనే తెచ్చుకోండి, చక్కగా చూసుకుంది మిమ్మల్ని," అన్నాడు. అప్పటికి లక్షా అరవై అవుతుందని కూడా చెప్పాడు. ఖర్చు సంగతి నేను అడగలేదు.

నర్సు మందుల కాగితం ఇవ్వడానికి నా వెంట వరండాలోకి వచ్చి బెంచీల వైపు చూసింది. "ఆటో పిలవడానికి పోయింది," అన్నాను.

ఇంటికి వచ్చి మరదలికి ఫోన్ చేశాను. అటువైపు కోత మిషను చప్పుడు. ఎవరినో బస్తాలు ఎండలో పెట్టమని తిడుతోంది.

"ఏమన్నాడు డాక్టరు?" అని అరిచింది.

"మానుతుండాదంట. బెల్టు నువ్వు బాగా కట్టినావంది నర్సు."

"నేనా? నేనొచ్చేసి అయిదు రోజులాయె కదా వదినా." చప్పుడుకు దూరంగా జరిగినట్టుంది, గొంతు దగ్గరైంది. "ఎవరు కడుతుండారు?"

"నేనే."

మిషను చప్పుడు మాత్రం వినపడుతూ ఉంది. తర్వాత ఎవరో ఆమెను పిలిచారు.

"కాటా దగ్గర పిలుస్తుండారు. మళ్ళీ చేస్తాలే," అని పెట్టేసింది.

చేతుల సంగతి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. జాకెట్టు చేతులు కిందికి లాక్కుని, ఆమె ఎక్కడెక్కడో పెట్టిపోయిన డబ్బాలు ఒక్కొక్కటే వెతికి పాత చోట పెట్టడం మొదలుపెట్టాను. పంచదార డబ్బా పై అరలో, నాకు అందని చోట ఉంది. దాన్ని అక్కడే వదిలేశాను.